కొండ పిల్లలు సముద్రం చదవడం గురించి



ఆదివాసీ దినోత్సవం నాడు ధింసా గురించో, మన భాషల గురించో, పోడు పట్టాల గురించో మాట్లాడతారనుకుంటే వీళ్లు సముద్రం గురించి మాట్లాడతామంటున్నారేమిటని కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వుకోండి, తప్పేం లేదు. మేము విశాఖలో, కొచ్చిలో, హైదరాబాదులో సముద్ర శాస్త్రం చదివిన, ఇంకా చదువుతున్న మన్యం పిల్లలం. కొద్దిమందిమే. ఒక్కొక్కరం వేరేగా మాట్లాడితే చెప్పిందే చెబుతామని అందరం కూర్చుని ఈ మాటలు కలిపి రాసుకున్నాం. అందుకే ఇందులో 'నేను' అని ఎక్కడా ఉండదు.

డిగ్రీ అయ్యాక ఈ చదువుకు వెళతామన్నప్పుడు మా అందరి ఇళ్లలోనూ వచ్చిన ప్రశ్న ఒకటే. 'కొండ మీద పుట్టినోళ్లకి సముద్రంతో పనేంటి?' అని. మా అమ్మానాన్నలు వెటకారంగా అడగలేదు, నిజంగానే అడిగారు. మాలో చాలామంది పదో తరగతి అయ్యేదాకా సముద్రాన్ని చూడలేదు కూడా. కాబట్టి మొదట ఆ ప్రశ్నకే జవాబు చెబుతాం.

అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల్లోంచి దూరి, తాటిపూడి దాటి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మాచ్‌ఖండ్ నీళ్లు సీలేరు అని పేరు మార్చుకుని, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడి, చివరికి అదే బంగాళాఖాతానికి పోతాయి. మీ ఊరి గెడ్డ ఏదైనా సరే, దాని వెంట నడుచుకుంటూ పోతే తేలేది అక్కడే. ఇది నీళ్లు పోయే దారి. వచ్చే దారి ఇంకా ముఖ్యం. వానాకాలంలో మన మీద వరసగా రోజుల తరబడి కురిసే వానలు చాలావరకు బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు తెచ్చేవే. మార్చి, ఏప్రిల్‌లో కాఫీ పూతకి ఒక మంచి వాన కావాలి, ఆ వాన సమయానికి పడకపోతే ఆ ఏడాది గింజ ఎలా ఉంటుందో మీ ఇళ్లలోనే అడగండి.

హుద్‌హుద్ మీకు గుర్తుందో లేదో. ఇక్కడ కూర్చున్న ఇంటర్ పిల్లలకు అప్పుడు ఊహ కూడా తెలిసి ఉండదు. 2014 అక్టోబరు 12న ఆ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. టీవీల్లో అంతా విశాఖ బీచ్ రోడ్డు, ఎయిర్‌పోర్టు చూపించారు. మన కొండల మీద సిల్వర్ ఓక్ చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. వాటి నీడలో పెరిగిన కాఫీ మొక్కలు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు వాటి కిందే నలిగిపోయాయి. మొక్క నాటిన నాటి నుంచి కాపు రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఆ ఒక్క రోజు దెబ్బను మన కుటుంబాలు ఎన్నో ఏళ్లు మోశాయి. ఆ తుపాను పుట్టింది ఎక్కడ? మనకి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, అండమాన్ సముద్రం వైపు, అంతకు ఐదారు రోజుల ముందు. దారి పొడవునా దానికి బలం ఇచ్చింది వెచ్చని సముద్రపు నీరు.

ఇక్కడ కాస్త చదువులోకి వెళతాం, ఓపిక పట్టండి.

బంగాళాఖాతం అన్ని సముద్రాల్లాంటిది కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, ఇంకా ఎన్నో నదులు తెచ్చే మంచినీళ్లు, దాని మీదే కురిసే వాన కలిసి పైన ఒక తేలికైన పొరగా ఏర్పడతాయి. మామూలుగా సముద్రపు నీటిలో కిలోకు 35 గ్రాముల వరకు ఉప్పు ఉంటుంది. ఉత్తర బంగాళాఖాతంలో వానాకాలం తర్వాత పైపొరలో అది 30 గ్రాముల కంటే కూడా తగ్గుతుంది. ఉప్పు తక్కువైన నీరు తేలిక, అందుకే అది పైనే ఉండిపోతుంది. కింద ఉన్న చల్లని, ఉప్పటి నీటితో గాలి దాన్ని సులువుగా కలపలేదు. అడుగున చల్లనీళ్లు పోసి పైన మెల్లగా వేడినీళ్లు వంచితే కాసేపు పైన వేడిగానే ఉంటుంది చూశారా, కొంచెం అలాంటిదే. ఫలితంగా ఎండ వేడి పైపొరలోనే నిలిచిపోతుంది. తుపాను బలపడాలంటే నీటి ఉష్ణోగ్రత సుమారు 26.5 డిగ్రీలు దాటాలని పుస్తకాల్లో ఉంటుంది. బంగాళాఖాతం పైపొర ఏడాదిలో ఎక్కువ కాలం 28 డిగ్రీల దగ్గర, ఆ పైన ఉంటుంది. మన కొండల నీళ్లు ఆ మంచినీటి పొరలో చాలా చిన్న వాటా, గంగా బ్రహ్మపుత్రల ముందు లెక్కలోకి రావు. అయినా పాఠంలో ఈ విషయం మొదటిసారి విన్నప్పుడు మాలో ఒకరికి ఊరి గెడ్డ గుర్తొచ్చిందట. ఆ రోజు నుంచి ఆ సబ్జెక్టు పరాయిదనిపించలేదట.

ఇంకో ఉదాహరణ, లెక్కల వాళ్ల కోసం. సునామీ కెరటం ఎంత వేగంతో వస్తుంది? నీటి లోతును మీటర్లలో తీసుకుని, గురుత్వ త్వరణం 9.8తో గుణించి, వర్గమూలం తీయండి. లోతు 4,000 మీటర్లయితే సెకనుకు 198 మీటర్లు, అంటే గంటకు 700 కిలోమీటర్ల పైచిలుకు. విమానం వేగం. తీరం దగ్గర లోతు 10 మీటర్లయితే అదే లెక్కకి గంటకు 36 కిలోమీటర్లు. వెనక నుంచి వేగంగా వచ్చేది, ముందు నెమ్మదించేది ఒకదాని మీద ఒకటి కూడుకుని ఎత్తు పెరుగుతుంది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూమి కంపించింది మన టైము ప్రకారం పొద్దున్న ఆరున్నరకు. కెరటం మన తూర్పు తీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటల్లో చెప్పేవాళ్లు లేక దేశంలో పది వేల మందికి పైగా పోయారు. ఇంటర్ ఎంపీసీ చదివిన ఎవరైనా వేయగల లెక్క అది. కానీ లెక్క ఒక్కటే చాలదు. సముద్రం అడుగున పరికరాలు ఉండాలి, రాత్రీ పగలూ చూసే మనుషులు ఉండాలి, సమాచారం పంపే ఏర్పాటు ఉండాలి. 2007 అక్టోబరు నుంచి ఆ పని చేస్తున్న సునామీ హెచ్చరిక కేంద్రం ఎక్కడుందో తెలుసా? హైదరాబాదులో, ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ అనే సంస్థలో. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో! కాబట్టి సముద్రం చదవడానికి సముద్రం పక్కన పుట్టాల్సిన పని లేదు. తెలంగాణ నుంచి వచ్చిన కోయ, గోండు తమ్ముళ్లకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

సరే, ఈ చదువులో ఏముంటుంది, ఎవరు చేరొచ్చు?

మీరు డిగ్రీలో ఏ సైన్సు చదివినా దీనిలోకి ఒక తలుపు ఉంది. మ్యాథ్స్, ఫిజిక్స్ వాళ్లకు భౌతిక సముద్ర శాస్త్రం: ప్రవాహాలు, కెరటాలు, వేడి, తుపానులు, రుతుపవనాలు. కెమిస్ట్రీ వాళ్లకు నీటిలోని ఆక్సిజన్, కార్బన్, పోషకాలు, కాలుష్యం. జువాలజీ, బోటనీ వాళ్లకు చేపల నుంచి కంటికి కనబడని నాచు దాకా. జియాలజీ వాళ్లకు అడుగున పేరుకున్న మట్టి, రాయి, ఖనిజాలు. మా అభిప్రాయం చెప్పమంటే, లెక్కలు ఇష్టమైతే మొదటిదే ఎంచుకోండి. దానిలో చేరేవాళ్లు తక్కువ, నేర్చుకున్న కంప్యూటర్ పని, డేటా పని రేపు వేరే ఉద్యోగానికైనా అక్కరకొస్తుంది. బయాలజీ వైపు పోటీ ఎక్కువ. ఇది విని బయాలజీ పిల్లలు కోప్పడొద్దు, వద్దనడం లేదు.

మనకు దగ్గరలో ఉన్నది ఆంధ్ర విశ్వవిద్యాలయం. అరకు నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం. సముద్ర శాస్త్రం మన దేశంలో పాఠంగా వేళ్లూనిన తొలి చోట్లలో అదొకటని మన పిల్లలకే చాలామందికి తెలియదు. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త విజిటింగ్ ప్రొఫెసర్‌గా విశాఖ వచ్చాడు. యూనివర్సిటీకి సొంత ఓడ లేదు. నౌకాదళం వాళ్ల ఓడలు అడిగి, వాటి మీద విద్యార్థులను తీసుకెళ్లి, బంగాళాఖాతంలో ఉష్ణోగ్రత, ఉప్పు, ప్రవాహాలు కొలిపించాడు. అప్పటికి ఈ సముద్రం గురించి రాసి పెట్టిన కొలతలు చాలా తక్కువ. ఆ విద్యార్థుల్లో కొందరు తర్వాత దేశంలోని సముద్ర పరిశోధన సంస్థలకు వెళ్లారు. ఇప్పుడు గోవాలో ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 1966లో మొదలైంది, దానికి విశాఖలోనూ ఒక ప్రాంతీయ కేంద్రం ఉంది. అంటే కొండ దిగితే చాలు, డెబ్బై ఏళ్ల చరిత్ర ఉన్న చదువు మన గుమ్మం ముందే ఉంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పీజీకి ఏపీ పీజీసెట్ రాయాలి. కొచ్చిలోని కుసాట్‌లో ఎంఎస్సీ ఓషనోగ్రఫీ ఉంది, దానికి వాళ్ల ప్రవేశ పరీక్ష వేరే. గోవా యూనివర్సిటీ, ఒడిశాలో బరంపురం యూనివర్సిటీ కూడా చూడండి. బరంపురం మనకు రైల్లో దగ్గరే. సముద్ర జీవశాస్త్రానికి తమిళనాడులో పరంగిపేట్టైలోని అన్నామలై యూనివర్సిటీ కేంద్రం పాతది, పేరున్నది. పాండిచ్చేరి యూనివర్సిటీ వాళ్ల పోర్ట్‌బ్లెయిర్ క్యాంపస్ ఉంది, దానికి సీయూఈటీ పీజీ. ఐఐటీల్లో ఎంఎస్సీకి జామ్ పరీక్ష, ఎంటెక్‌కి, పీహెచ్‌డీకి గేట్. ఢిల్లీ, ఖరగ్‌పూర్, భువనేశ్వర్ ఐఐటీల్లో సముద్రం, వాతావరణం కలిపి చదివే విభాగాలున్నాయి. బెంగళూరు ఐఐఎస్సీలోనూ ఉంది. గేట్‌లో జియాలజీ పేపరు ఒక దారి, ఇంజినీరింగ్ సైన్సెస్ పేపర్లో అట్మాస్ఫియరిక్ అండ్ ఓషియానిక్ సైన్సెస్ అనే భాగం ఇంకో దారి. జామ్, గేట్ రెండింటికీ మనకు ఫీజు సగమే. కేంద్ర సంస్థల్లో ఎస్టీ రిజర్వేషన్ ఏడున్నర శాతం. ఆ సీట్లు కొన్ని చోట్ల, కొన్నేళ్లు అడిగేవాళ్లు లేక ఖాళీగా పోవడం మేం కళ్లారా చూశాం. ఆ ఖాళీ చూసినప్పుడల్లా మన డిగ్రీ కాలేజీ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని లెక్కలు బాగా చేసే పిల్లలు గుర్తొస్తారు.

ఒక చిన్న విషయం, కానీ దీని దగ్గరే చాలామంది ఆగిపోతారు. కులధ్రువీకరణ పత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో కూడా ఒకటి తీసి పెట్టుకోండి. రాష్ట్ర నమూనా పట్టుకుని కౌన్సెలింగ్‌కి వెళితే వెనక్కి పంపేస్తారు. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, పదో తరగతి మెమోలో ఇంకో ఇంటిపేరు ఉన్నవాళ్లు ఇవాళే మొదలుపెట్టండి. మన పేర్లు రాసేవాళ్లు ఎప్పుడూ సరిగ్గా రాయరు కదా.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. డబ్బు, ఇల్లు.

మన ఇళ్లలో డిగ్రీ పాసైన పిల్ల గానీ, పిల్లాడు గానీ ఉంటే ఇల్లంతా వాళ్ల వైపే చూస్తుంది. బీఈడీ చేసి డీఎస్సీ రాస్తే టీచరు ఉద్యోగం, ఊరి దగ్గరే ఉండొచ్చు. అది మంచి దారే. మాకు పాఠాలు చెప్పిన మన టీచర్లు అలా వచ్చినవాళ్లే. కానీ 2000లో వచ్చిన జీవో నంబర్ 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది, దాన్ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాని స్థానంలో చట్టం రావాలని జరిగే పోరాటంలో మేమూ ఉన్నాం, ఉంటాం. అయితే ఒక్క ద్వారం ముందే అందరం నిలబడితే తోపులాటే మిగులుతుంది. ఈ వేదిక మీద ఇది చెప్పడానికి మాకు కాస్త ఇబ్బందిగానే ఉంది, అయినా చెప్పాలి.

ఎంఎస్సీ రెండేళ్లు చేతికి జీతం రాదు. పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పు, హాస్టల్ సాయంతో నెట్టుకు రావాలి. దానికి కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలి, మనలో ఎక్కువమందికి ఆ ఇబ్బంది లేదు. పీహెచ్‌డీలో చేరాక సంగతి వేరు. సీఎస్ఐఆర్ యూజీసీ నెట్‌లో ఎర్త్, అట్మాస్ఫియరిక్, ఓషన్ అండ్ ప్లానెటరీ సైన్సెస్ అనే పేపరు రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే, 2023 నుంచి ఉన్న లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె అదనం. జేఆర్‌ఎఫ్ వయోపరిమితిలో మనకు ఐదేళ్ల సడలింపు ఉంది, కాబట్టి 'వయసైపోయింది' అని ఇంట్లో అంటే నమ్మకండి. జేఆర్‌ఎఫ్ రాకపోయినా ఆశ వదులుకోనక్కర్లేదు. కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఎస్టీ పరిశోధక విద్యార్థులకు ఏటా 750 ఫెలోషిప్పులు ఇస్తుంది, దానికి పీజీ మార్కులు చూస్తారు. అందుకని పీజీలో మార్కులు నిర్లక్ష్యం చేయకండి. విదేశాల్లో చదవాలంటే అదే శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు ఉంది, ఏటా 20 మందికి, అందులో 3 పీవీటీజీలకు. కుటుంబ ఆదాయం ఆరు లక్షలు దాటకూడదు. అమెరికాలో ఈ సబ్జెక్టులో పీహెచ్‌డీ విద్యార్థులకు సాధారణంగా యూనివర్సిటీయే ఫీజు భరించి, పరిశోధనలో సాయం చేసినందుకు నెల నెలా జీతం ఇస్తుంది. ఇది తెలియక అప్పు చేసి వెళ్లాలేమోనని ఆగిపోయేవాళ్లు ఉంటారు.

ఫెలోషిప్పు డబ్బు ఎక్కడిదైనా ప్రతి నెలా ఒకటో తారీఖున పడుతుందనుకోవద్దు. మాలో ఒకరికి ఏకంగా ఏడు నెలలు రాలేదు. ఒక్కసారిగా మొత్తం పడింది అనుకోండి, కానీ ఆ ఏడు నెలలు తిండెలా? మొదటి విడత చేతికి రాగానే మూడు నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టండి. ఇంటికి పంపేది ఎంతో ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఎంతిస్తాం, ఎన్నాళ్లు ఇస్తాం, ఎప్పుడు ఇవ్వలేం. మాలో ఒక అక్క పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు పదివేలు ఇంటికి పంపింది, తమ్ముడి పాలిటెక్నిక్ దానితోనే అయింది. ఆ మాట ముందే అనుకోవడం వల్ల మధ్యలో చదువు మానేయమని ఎవరూ అనలేదు. మానేసిన ఇంకో అన్న ఉన్నాడు. చదువు రాక కాదు. నాన్నకు ఒంట్లో బాగోక పొలం చూసుకునేవాళ్లు లేక వచ్చేశాడు. ఇవాళ ఈ సభకి కుర్చీలు వేయించింది ఆయనే. ఆయన తిరిగి చేరాలని మా కోరిక. ఆయన ఇక్కడే ఉన్నాడు కాబట్టి ఇంకేం చెప్పం.

కష్టాలు చెప్పకుండా పంపడం అన్యాయం.

మొదటి సెమిస్టర్‌లో ద్రవాల కదలిక మీద వచ్చే సమీకరణాలు చూసి బెదిరిపోతారు. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు లెక్క అర్థమైనా ఇంగ్లిషు ప్రశ్న అర్థం కాదు. దీనికి మందు ఒకటే, వెళ్లే ముందే మొదలుపెట్టడం. డిగ్రీ రెండో ఏడాది నుంచే డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, వెక్టర్ కాలిక్యులస్ గట్టిగా చేయండి. రాబర్ట్ స్టూవర్ట్ రాసిన భౌతిక సముద్ర శాస్త్రం పాఠ్యపుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లిషు సులువుగా ఉంటుంది, రోజుకు రెండు పేజీలు చదవండి. పైథాన్ నేర్చుకోండి. సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి డౌన్‌లోడ్ చేసుకోవడం మీకు కొత్తేం కాదు.

డేటా కూడా ఉచితమే, ఈ మాట గట్టిగా చెబుతున్నాం. ప్రపంచ సముద్రాల్లో ఆర్గో అనే తేలియాడే పరికరాలు సుమారు నాలుగు వేలు తిరుగుతున్నాయి. ఒక్కోటి వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రత, ఉప్పు కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. బంగాళాఖాతంలోనూ ఉన్నాయి. ఆ కొలతలు ఎవరైనా తీసుకోవచ్చు. పాడేరులో కూర్చుని, పాత ల్యాప్‌టాప్ మీద, పోయిన నెల బంగాళాఖాతం ఎంత వేడిగా ఉందో గీత గీసి చూడొచ్చు. అలా గీసిన ఒక్క బొమ్మ జత చేసి ప్రొఫెసర్‌కి ఈమెయిల్ పెడితే, 'సార్ నాకు అవకాశం ఇవ్వండి' అని పెట్టిన వంద మెయిళ్ల కంటే ముందు చూస్తారు.

ఓడ ప్రయాణం గురించి అందరూ అడుగుతారు. ఈత రావాలా అని. అక్కర్లేదు, మాలో ఇద్దరికి ఇప్పటికీ రాదు. వాంతులవుతాయా అని. అవుతాయి. మన ఘాట్ రోడ్డు బస్సుల్లో వాంతులు చేసుకునేవాళ్లకు ఇంకా ఎక్కువవుతాయేమోనని భయపడ్డాం గానీ, తీరంలో పుట్టి పెరిగిన స్నేహితులకూ అంతే అయ్యాయి. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఓడ మీద పని వంతులవారీగా, అర్ధరాత్రి రెండింటికి కూడా ఉంటుంది. సీటీడీ అనే పరికరాన్ని తీగతో కిందికి దింపుతారు. దాని చుట్టూ సీసాలుంటాయి, అనుకున్న లోతులో ఒక్కొక్కటి మూసుకుని ఆ లోతు నీళ్లు పట్టి తెస్తాయి. ఎండలో చెమటలు కారుతున్నప్పుడు వెయ్యి మీటర్ల లోతు నీళ్లు చేతి మీద పోసుకుంటే మంచులా ఉంటాయి. అది మాత్రం మరిచిపోలేం.

'ఆడపిల్ల నెల రోజులు ఓడ మీదా?' అని అడిగే అమ్మలకు ఒక మాట. ఆడవాళ్లకు వేరే క్యాబిన్లు ఉంటాయి, బృందంలో ఆడ శాస్త్రవేత్తలు ఉంటారు. 1983-84లో అంటార్కిటికా వెళ్లిన తొలి ఇద్దరు భారత మహిళల్లో ఒకరైన అదితి పంత్ సముద్ర శాస్త్రవేత్తే. నలభై ఏళ్ల కిందటి మాట అది.

ఇంకో కష్టం ఉంది. ఎక్కడని పేరు చెప్పం గానీ, ల్యాబులో మొదటి వారమే 'నీ ర్యాంకు ఎంత?' అని అడిగినవాళ్లు ఉన్నారు. ఎందుకు అడుగుతారో మీకు తెలుసు. మన యాసకి నవ్విన వాళ్లున్నారు. 'అడవిలో ఉంటారా?' అన్నవాళ్లున్నారు. మన పక్షాన నిలబడిన గురువులూ, స్నేహితులూ అంతకంటే ఎక్కువమంది ఉన్నారు, అదీ చెప్పాలి. యూనివర్సిటీల్లో ఎస్సీ ఎస్టీ సెల్ ఉంటుంది. అవమానం జరిగితే తేదీ, మాట, పక్కన ఎవరున్నారో రాసి పెట్టుకోండి. ఒంటరిగా గదిలో కూర్చుని కుమిలిపోవద్దు, మాకు ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా సరే.

ఉద్యోగాలు ఉంటాయా? పర్మనెంటు శాస్త్రవేత్త పోస్టులు తక్కువ. నోటిఫికేషన్లు ఆలస్యంగా వస్తాయి. పీహెచ్‌డీ అయ్యాక కొన్నేళ్లు ప్రాజెక్టుల్లో చేయాల్సి రావచ్చు. ఇన్‌కాయిస్, గోవా సంస్థ, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, వాతావరణ శాఖ, కొచ్చిలోని నౌకాదళ పరిశోధనశాల, జియాలజీ వాళ్లకు యూపీఎస్సీ ద్వారా జియోలాజికల్ సర్వే, విశాఖలోనే ఫిషరీ సర్వే, సీఎంఎఫ్ఆర్ఐ కేంద్రాలు, ఓడరేవులు, ప్రైవేటు వాతావరణ కంపెనీలు, కాలేజీ లెక్చరర్ పోస్టులు. 2021లో కేంద్రం డీప్ ఓషన్ మిషన్ మొదలుపెట్టింది, ముగ్గురు మనుషులు ఆరు వేల మీటర్ల లోతుకు వెళ్లే మత్స్య 6000 అనే వాహనం అందులో భాగమే. దారులు ఉన్నాయి, ఏదీ తేలిక కాదు. రెండేళ్లలో జీతం రావాల్సిందే అనుకునే ఇంటి పరిస్థితి ఉంటే ఎంఎస్సీతో ఆగి ఉద్యోగం చూసుకోండి. అందులో చిన్నతనం లేదు, మాలో ఒకరు అదే చేశారు.

మరి ఇంత కష్టపడి మనం వెళ్లడం దేనికని అడిగితే, మేం చూసింది ఒకటి చెబుతాం. తుపాను సమావేశాల్లో తీరం గురించి గంటలు మాట్లాడతారు. చేపల వేటకు వెళ్లొద్దనే హెచ్చరిక ఏ గ్రామానికి ఏ గంటకు చేరాలో లెక్కలుంటాయి, ఉండాలి కూడా. కొండల దగ్గరికి వచ్చేసరికి 'ఏజెన్సీలో భారీ వర్షాలు' అని ఒక్క వాక్యం. ఏ గెడ్డ రాత్రిపూట పొంగితే ఏ ఊరి బాలింతను డోలీలో కూడా దాటించలేరో ఆ గదిలో ఎవరికీ తెలియదు. అడగాలని వాళ్లకు తట్టకపోవడం దుర్మార్గం కాదు, వాళ్లు అక్కడ పుట్టలేదు, అంతే. బంగాళాఖాతం వేడికీ, మన కాఫీ పూత వానకీ లంకె ఉందా, ఉంటే ఎన్ని వారాల ముందు చెప్పగలం? ఇది మంచి పీహెచ్‌డీ ప్రశ్న. మాలో ఒక చెల్లి ఈ ఏడాదే ఆ పని మొదలుపెట్టింది. ఊళ్లలో ఏ ఏడాది పూత ఎప్పుడు వచ్చిందో రాసి పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, పాత డైరీ అయినా, క్యాలెండర్ మీద గీసిన గుర్తయినా, దయచేసి ఆమెకు చూపించండి. మీ నాన్నలను, తాతలను అడిగి రండి. ఆ కాగితాలు ఏ ఉపగ్రహమూ ఇవ్వలేదు.

జామ్, గేట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మధ్యలో ఉంటాయి. ఈ సభ అయ్యాక వెనక గదిలో మేమంతా సాయంత్రం దాకా కూర్చుంటాం. డిగ్రీ మెమోలు, కుల పత్రం, ఒక ఫొటో తెచ్చుకున్నవాళ్లకు ఈమెయిల్ ఐడీ తెరవడం దగ్గర నుంచి చూపిస్తాం. తెచ్చుకోనివాళ్లు కూడా రండి. లెక్చరర్లు ఎవరైనా ఉంటే తమ కాలేజీలో లెక్కలు బాగా చేసే పిల్లల పేర్లు రాసివ్వండి, వాళ్ల ఊరికి మేమే వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడతాం. ముందుగా ఆకలిగా ఉన్నవాళ్లు భోజనం చేసి రండి, వరస పెద్దగా ఉంది.